ఒక్క రాజమండ్రి దగ్గరే గోదావరికి ఇన్ని రైలు వంతెనలు ఎందుకు? (హేవలాక్ నుంచి ఆర్చి దాకా)

అమలాపురం అల్లుడు · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారమండి. చాన్నాళ్లుగా ఉన్న సందేహం. నేను కాకినాడలో ఉంటాను, అత్తగారిది అమలాపురం. హైదరాబాద్ నుంచి చుట్టాలెవరొచ్చినా రాజమండ్రిలో రైలు దిగి, బస్సెక్కి రావులపాలెం మీదుగా రావాల్సిందే. కోనసీమ లోపలికి రైలు లేదు. రాజమండ్రి, కొవ్వూరు మధ్య మాత్రం చూడబోతే మూడు రైలు వంతెనలు, అందులో ఒకటి ఖాళీగా నిలబడి ఉంది.

మొట్టమొదటి వంతెన అక్కడే ఎందుకు కట్టారు? అప్పటికే ధవళేశ్వరం ఆనకట్ట ఉంది కదా, దాని మీదుగా పట్టాలు వేసుకుపోతే సరిపోయేది కాదా? పాతది అంత గట్టిగా ఉంటే దాన్ని ఎందుకు పక్కన పెట్టారు? లింకులు పడేసి వెళ్లకండి, తెలిసినవాళ్లు మామూలు మాటల్లో చెప్పండి.

పుష్కరఘాట్ · శనివారం రాత్రి 9:20

అల్లుడుగారూ, మీ చుట్టాలకి రైలు దిగి బస్సెక్కే బాధ. మాకు ఆ బస్సులన్నీ మా వీధిలోంచి వెళ్లే బాధ. తెలిసినవాళ్లు వస్తారు, ఉండండి. పాతపట్టాలు మాస్టారు ఇంకా పడుకుని ఉండరు.

పాతపట్టాలు · శనివారం రాత్రి 10:05

పడుకోలేదు. అల్లుడుగారి మొదటి ప్రశ్న మంచిది, ముందు దాని సంగతి చూద్దాం.

గోదావరి పాపికొండల మధ్య ఇరుక్కుని వచ్చి, పోలవరం దాటాక వెడల్పవుతుంది. రాజమండ్రి దగ్గర అఖండ గోదావరి, అంటే ఇంకా చీలని ఒకే నది. ధవళేశ్వరం దగ్గరికి వచ్చేసరికి గౌతమి, వశిష్ఠ విడిపోతాయి. ఇంకా కిందకి వెళితే వైనతేయ కూడా తోడవుతుంది. చీలక ముందు దాటితే ఒక్క వంతెన చాలు. చీలాక దాటాలంటే పాయకొకటి కట్టాలి, మధ్యలో లంకల (ఏటి మధ్య దీవుల) మీద వరదకి ఆగే ఎత్తయిన కట్ట పోయాలి, కాలువలన్నిటికీ చిన్న వంతెనలు వేయాలి. ఏ కాలపు ఇంజనీరైనా చీలక ముందే దాటాలనుకుంటాడు.

ఇక ఆనకట్ట. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట ఇప్పుడు మనం చూస్తున్న బ్యారేజీలాంటిది కాదు. ధవళేశ్వరం, ర్యాలీ, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. వరదొస్తే నీళ్లు దాని నెత్తి మీదుగా దూకి పోవాలి, దాన్ని కట్టిందే అలా. దాని మీద పట్టాలు వేస్తే ఏటా ఆషాఢం నుంచి రైలు ఆపేయాలి. మనం కార్లలో వెళ్లే బ్యారేజీ 1970లో మొదలై 1982కి పూర్తయింది. 1890ల వాళ్లకి ఆ సౌకర్యం లేదు.

వంతెన లేని రోజుల సంగతి కూడా చెబుతాను. ఈస్ట్ కోస్ట్ రైల్వే బెజవాడ నుంచి కటక్ దాకా 1893 నుంచి 1896 మధ్య ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. బెజవాడ దగ్గర కృష్ణ మీద వంతెన 1893కే అయిపోయింది. గోదావరి దగ్గర మాత్రం లైను తెగిపోయి ఉండేది. ఇటు నుంచి వచ్చిన బండి కొవ్వూరులో ఆగేది. జనం, సామాన్లు దిగి స్టీమరెక్కి అవతల గట్టుకి చేరి మళ్లీ ఇంకో బండెక్కాలి. అంతకుముందు మద్రాసు నుంచి కలకత్తా పోవాలంటే ఓడెక్కడమో, బొంబాయి వైపు రైళ్లు పట్టుకుని చుట్టు తిరగడమో. వాళ్లతో పోలిస్తే స్టీమరు నయమే. కానీ వరదల్లో ఆ దాటడం ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఆ మొదటి వంతెన, అదే హేవలాక్ వంతెన, పని మొదలెట్టింది 1897 నవంబర్ 11. బండ్లకి తెరిచింది 1900 ఆగస్టు 30. మధ్యలో మూడేళ్లు కూడా నిండలేదు.

సివిల్ సత్తిబాబు · శనివారం రాత్రి 10:31

మాస్టారు చెప్పిన తేదీల్లో ఒకటి గమనించండి. నవంబర్‌లో మొదలెట్టడం ఊరికే కాదు. జూలై నుంచి అక్టోబర్ దాకా గోదావరిలో పునాది పని చేయలేరు. దీపావళి వెళ్లాక నీళ్లు తగ్గుతాయి, ఇసుక తిప్పలు బయటపడతాయి. అక్కడి నుంచి మే ఆఖరు దాకానే పని. అంటే క్యాలెండర్‌లో మూడేళ్లయినా, నదిలో దిగి పనిచేయడానికి దొరికినవి మూడు ఎండాకాలాలే. అందులోనే 56 ఖానాల (ఖానా అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగం) వంతెనకి పునాదులన్నీ దించేశారు. ఇవాళ క్రేన్లు, బార్జీలు పెట్టుకుని మనం ఎన్నేళ్లు తీసుకుంటున్నామో నేను చెప్పను, మోడరేటర్‌గారు ఒప్పుకోరు.

పునాది ఎలా దించారో అడిగేవాళ్లుంటారు కాబట్టి చెబుతున్నా. మన ఊళ్లలో నూతికి ఒరలు దించుతారు చూడండి, పద్ధతి అదే. అడుగున పదునైన ఇనప అంచు, దాని మీద గుండ్రంగా కట్టడం లేపుతారు. లోపలి నుంచి ఇసుక తోడుతూ ఉంటే సొంత బరువుకే అది కిందకి దిగుతుంది. దిగినకొద్దీ పైన ఇంకో వరస కడతారు. గట్టి నేల తగిలేదాకా, వరద కోసుకుపోయే లోతు కన్నా ఇంకా కిందకి దించుతారు. తర్వాత అడుగున కాంక్రీటుతో మూసి, లోపల నింపి, పైన రాతి స్తంభం లేపుతారు. ఇంజనీర్లు దీన్ని వెల్ ఫౌండేషన్ అంటారు. మనకి బావి పునాది.

కష్టం ఎక్కడంటే, ఒక పక్క మెత్తటి ఇసుక, ఇంకో పక్క బంకమట్టి తగిలితే బావి వంగిపోతుంది. వంగినదాన్ని నిటారు చేయడం దించడం కన్నా పెద్ద పని. ఒక వైపు బరువు వేసి, రెండో వైపు తోడి, తాళ్లు కట్టి లాగి, ఓపికగా సరిచేయాలి. మధ్యలో వరద వచ్చిందంటే సగం దిగిన బావిని దేవుడికి వదిలేసి గట్టెక్కాలి.

బ్రిడ్జిలంక · శనివారం రాత్రి 10:48

మా లంకకి ఆ పేరే వంతెన వల్ల వచ్చిందండి. మిగతా లంకలకి మనుషుల పేర్లో చెట్ల పేర్లో ఉంటాయి, మాది మాత్రం బ్రిడ్జిలంక.

సత్తిబాబుగారు కోసుకుపోవడం అన్నారు కదా, దాని సంగతి మాకు బాగా తెలుసు. స్తంభానికి ఎగువ పక్క నీళ్లు సుడి తిరిగి అడుగున ఇసుకని తవ్వేస్తాయి. దిగువ పక్కేమో మేట వేస్తాయి. పడవ నడిపేవాళ్లు వరదల్లో స్తంభం దగ్గరికి పోరు. ఏటి మధ్య ఇసుక ఈ ఏడు ఒకచోట, వచ్చే ఏడు ఇంకోచోట. స్తంభం మాత్రం కదలదు.

ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే లంకలోవాళ్లం మూటలు సర్దుకుంటాం. మమ్మల్ని బోట్లలో తెచ్చి రాజమండ్రిలో కల్యాణ మండపాల్లో పెడతారు. అక్కడి నుంచి గోదావరి చూస్తే వంతెనల కింద ఎంత ఖాళీ మిగిలిందా అని లెక్కేసుకోవడమే పని.

కొవ్వూరు కుర్రాడు · శనివారం రాత్రి 11:02

1986 ఆగస్టు వరద గురించి మా నాన్న ఇప్పటికీ చెబుతాడు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. కోనసీమ మునిగిపోయింది. అప్పటికి హేవలాక్ వయసు 86 ఏళ్లు, దాని మీద ఇంకా బళ్లు తిరుగుతున్న రోజులు. ఆ వరదకీ నిలబడింది. 2022 జూలైలో వచ్చింది 25 లక్షలు దాటింది, దానికే మూడో హెచ్చరిక పెట్టి అందరికీ టెన్షన్.

జనరల్ నాలెడ్జి · ఆదివారం ఉదయం 6:40

అందరికీ శుభోదయం. హేవలాక్ అంటే 1857 తిరుగుబాటులో లక్నో మీదకి వెళ్లిన సైన్యాధిపతి కదా. అండమాన్‌లో దీవికి కూడా ఆయన పేరే పెట్టారు. మన వంతెనకి ఆయన పేరు ఎందుకు?

పాతపట్టాలు · ఆదివారం ఉదయం 7:15

ఆ హేవలాక్ వేరు, హెన్రీ. ఆయన 1857లోనే పోయాడు. మన వంతెన పేరు సర్ ఆర్థర్ ఎలిబాంక్ హేవలాక్‌ది. 1896 నుంచి 1900 దాకా మద్రాసు గవర్నరు. కట్టే రోజుల్లో పదవిలో ఉన్నాడు కాబట్టి పేరు ఆయనకి దక్కింది. ఏ కాలంలోనైనా అంతే కదా.

అసలు పని చేయించిన ఇంజనీరు ఎఫ్.టి. గ్రాన్‌విల్ వాల్టన్. ఆయన అంతకుముందు కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన కట్టించాడు, అది 1887లో తెరిచారు. ఇప్పుడు దాన్ని మాళవీయ వంతెన అంటున్నారు. కాశీ వెళ్లినవాళ్లు రాజ్‌ఘాట్ దగ్గర దాన్ని చూసే ఉంటారు. కాశీలో గంగకి, రాజమండ్రిలో గోదావరికి ఒకే మనిషి పునాదులు వేయించాడు. మన ఊళ్లో ఆయన పేరు ఎంతమందికి తెలుసు? బావుల్లో దిగి ఇసుక తోడిన కూలీల పేర్లయితే ఎక్కడా లేవు. వాళ్లలో మన తాతల తాతలు ఎందరో.

పుష్కరఘాట్ · ఆదివారం ఉదయం 7:32

మాస్టారూ, పనిలో పనిగా చిల్లర సంగతి కూడా తేల్చండి. వంతెన మీద రైలు రాగానే డబ్బులు వేయడం ఎప్పుడు మొదలైంది?

పాతపట్టాలు · ఆదివారం ఉదయం 7:40

నదికి దక్షిణ సమర్పించుకోవడం రైలు కన్నా చాలా పాతది. పడవ దాటేవాళ్లూ వేసేవాళ్లు. రైలు వచ్చాక కిటికీలోంచి వేస్తున్నారు, అంతే.

బ్రిడ్జిలంక · ఆదివారం ఉదయం 7:58

వేసేవాళ్లు వేస్తే ఏరేవాళ్లు ఏరతారు. తాడుకి అయస్కాంతం కట్టి నీళ్లలో ఈడ్చే కుర్రాళ్లని మీరంతా చూసే ఉంటారు. రాగి డబ్బుల కాలంలో మునిగి తియ్యాల్సిందే, అయస్కాంతానికి రాగి అంటుకోదు కదా. ఏసీ బోగీల అద్దాలు తెరుచుకోవు కాబట్టి ఇప్పుడు గోదారమ్మకి ఆదాయమంతా జనరల్, స్లీపర్ వాళ్ల నుంచే.

అమలాపురం అల్లుడు · ఆదివారం ఉదయం 9:30

చాలా బాగా చెప్పారండి. మొదటి ప్రశ్నకి జవాబు దొరికింది. మిగతా రెండు వంతెనల సంగతి?

కొవ్వూరు కుర్రాడు · ఆదివారం ఉదయం 10:10

రెండోది మాది! అంటే రెండు గట్లదీ అనుకోండి. నా పాయింట్ ఏంటంటే, హేవలాక్ మీద ఉన్నది ఒకే లైను. రెండున్నర కిలోమీటర్లు దాటిన వంతెన మీద ఒకసారికి ఒకటే బండి. ఇటు కొవ్వూరులో ఒకటి, అటు గోదావరి స్టేషన్లో ఒకటి, ఎదుటిది వచ్చేదాకా కాచుకుని ఉండాల్సిందే. మద్రాసు, కలకత్తా మధ్య తిరిగే బండ్లన్నీ ఆ ఒక్క సన్నటి దారిలోంచే. రెండు వైపులా లైన్లు డబుల్ చేసుకుంటూ వచ్చినా గోదావరి దగ్గరికొచ్చేసరికి మళ్లీ సింగిలే.

రెండో కారణం, రోడ్డు. రైలుకైనా వంతెన ఉంది, మనుషులకి లేదు. కొవ్వూరు నుంచి రాజమండ్రికి లాంచీ ఎక్కాలి, లేకపోతే రైలు కోసం చూడాలి. రాత్రి పురుడు కష్టమైతే లాంచీ ఉండదు, రైలు టైముకి రాదు. అలాంటి కథలు మా ఊళ్లో ఇంటికొకటి ఉండేవి. అందుకే రెండోది కట్టినప్పుడు కింద రైలు, పైన రోడ్డు పెట్టి కట్టారు. 1974లో పూర్తయింది. గోదావరి ఎక్స్‌ప్రెస్ కూడా ఆ ఏడాదే మొదలైంది, మా నాన్న రెండూ కలిపే చెబుతాడు.

సివిల్ సత్తిబాబు · ఆదివారం ఉదయం 10:44

రోడ్డు కం రైలు వంతెన గురించి కొంచెం లెక్కలు. ఉక్కు ట్రస్సులు, అంటే ఉక్కు కమ్మీలని త్రికోణాలుగా అల్లిన దూలాలు. 91.5 మీటర్ల ఖానాలు 27, 45.72 మీటర్లవి 7. రైలు భాగం 2.8 కిలోమీటర్లు, రోడ్డు భాగం 4.1 కిలోమీటర్లు. రోడ్డు ఎందుకు అంత ఎక్కువ అని చాలామంది అడుగుతారు. అది పై అంతస్తులో ఉంది కాబట్టి నేలకి దిగడానికి అంత వాలు కావాలి, లారీ దాన్ని ఎక్కాలి కదా.

ఆ 45.72 మీటర్ల చిన్న ఖానాల్లో ఆరు రాజమండ్రి వైపున 6 డిగ్రీల వంపులో ఉన్నాయి. బస్సులో వెళుతున్నప్పుడు ఊరు దగ్గర పడగానే వంతెన పక్కకి తిరుగుతుంది, గమనించారా? కారణం రాజమండ్రే. అప్పటికే గట్టు పొడుగునా ఇళ్లు, వీధులు. తిన్నగా రావాలంటే ఊరు కూల్చాలి. ఊరు కదలదు కాబట్టి వంతెనే వంగింది. పెద్ద ట్రస్సులని వంపులో పెట్టలేరు, అందుకే అక్కడ చిన్నవి వేశారు. 1897లో వచ్చినవాళ్లకి ఈ చిక్కు ఇంతగా లేదు.

హేవలాక్ ఖానా 150 అడుగులు, అంటే అదీ 45.72 మీటర్లే. డెబ్బై ఏళ్ల తర్వాత కూడా అదే కొలత మళ్లీ కనిపించడం నాకు సరదాగా ఉంటుంది.

రోజూ తిరిగేవాడు · ఆదివారం ఉదయం 11:20

మీరంతా చరిత్ర చెబుతున్నారు, నేను గోతుల సంగతి చెబుతాను. ఆ పై రోడ్డు మీద బండి నడిపితే నడుం పోతుంది. 2023లో మరమ్మతులకని నెల రోజులు మూసేశారు. మేమంతా చుట్టు తిరిగాం. 2015 పుష్కరాలకి ఎగువన నాలుగో వంతెన రోడ్డు కోసం తెరిచారు కాబట్టి బతికిపోయాం, లేకపోతే మళ్లీ లాంచీలే గతి. కింద రైలు వెళుతుంటే పైన బైకు మీద ఆ అదురు తెలుస్తుంది చూడండి, అదొక్కటే నాకు ఇష్టం ఆ వంతెన మీద.

నిర్వాహకుడు · ఆదివారం ఉదయం 11:26

గోతుల మీద వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ రైలు వంతెనల చరిత్ర మాత్రమే. ఆర్చి బ్రిడ్జి గురించి ఎవరైనా?

సివిల్ సత్తిబాబు · ఆదివారం మధ్యాహ్నం 12:15

నేనే రాస్తాను, అది నాకు ఇష్టమైనది.

1991లో పని మొదలైంది, 1997లో పూర్తయింది. హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కట్టింది. ఒక్కొక్కటి 97.55 మీటర్ల చొప్పున 28 ఖానాలు. పాతదానికి 56 ఖానాలు గుర్తుందా? దీనికి సరిగ్గా సగం. పక్కపక్కన కట్టిన వంతెనల స్తంభాలు అడ్డదిడ్డంగా ఉంటే వాటి మధ్య ప్రవాహం గందరగోళమై ఇసుక కోత పెరుగుతుంది. కొత్త స్తంభాలు పాతవాటి వరసలో పడితే నీళ్లకి దారి తిన్నగా ఉంటుంది. పాతది రెండు ఖానాలు దాటితే కొత్తది ఒకటి దాటుతుంది.

ఇక ఆ విల్లు ఆకారం అందం కోసం కాదండి. దీన్ని బౌస్ట్రింగ్ గిర్డర్ అంటారు. ఖానా పెద్దదయ్యేకొద్దీ దూలం లోతు పెరగాలి. పట్టాల కింద లోతైన దూలం పెడితే వరద నీటికి తగులుతుంది. తగలకూడదంటే పట్టాలు ఇంకా ఎత్తులో పెట్టాలి. అప్పుడు రెండు వైపులా స్టేషన్లకి దిగడానికి చోటు చాలదు, గోదావరి స్టేషన్ గట్టు పక్కనే ఉంది మరి. అందుకని బరువు మోసే భాగాన్ని పట్టాలకి పైన పెట్టారు. పైన జంట కాంక్రీటు ఆర్చీలు, వాటి నుంచి కిందకి వేలాడే హ్యాంగర్లు పట్టుకుని ఉన్న డెక్కు (పట్టాలు పరిచే అంతస్తు), డెక్కు మీద రైలు. బరువు పడితే ఆర్చీ రెండు కాళ్లూ బయటికి తన్నుకుపోవాలని చూస్తాయి. డెక్కు వాటిని లాగి పట్టుకుంటుంది. అందుకే స్తంభం మీద పక్కకి నెట్టే బలం పడదు, నిలువు బరువే పడుతుంది. ఇసుకలో దించిన బావికి కావలసింది అదే.

అంతా ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు, అంటే లోపల ఉక్కు తీగలని లాగి బిగించిన కాంక్రీటు. రైళ్ల కోసం కాంక్రీటులో ఇంత పెద్ద ఆర్చి ఖానాలు వేయడం మన దేశంలో అప్పటికి సాహసమే. ఉక్కుకి రంగు వేస్తూనే ఉండాలి. దీనికి ఆ బెడద లేదు. అలాగని కాంక్రీటుకి ఏమీ పట్టించుకోనక్కర్లేదని కాదు, హ్యాంగర్లని కనిపెట్టుకుని ఉండాలి.

పుష్కరఘాట్ · ఆదివారం మధ్యాహ్నం 12:40

పెళ్లి ఫోటోలన్నీ దాని ముందే. 1974 దాన్ని ఎవరూ తీయరు పాపం, దాని మీద ఎక్కి ఆర్చీని తీస్తారు.

జనరల్ నాలెడ్జి · ఆదివారం మధ్యాహ్నం 1:05

హేవలాక్‌ని 1997లో ఎందుకు ఆపారు? నిలబడే ఉంది కదా?

పాతపట్టాలు · ఆదివారం మధ్యాహ్నం 2:30

నిలబడటం వేరు, రైలు మోయడం వేరు బాబూ. 1900లో దాని మీద తిరిగిన బళ్లు వేరు, 1990లలో బొగ్గు వ్యాగన్ల బరువు వేరు. ఉక్కు గిర్డరు మీద చక్రాలు లక్షల సార్లు వెళ్లి వెళ్లి, పైకి కనిపించకపోయినా లోపల అలుపు చేరుతుంది. మొదట వేగం తగ్గిస్తారు, తర్వాత బరువు తగ్గిస్తారు. మెయిన్ లైన్లో అలా ఎన్నాళ్లు నడుపుతారు? ఆర్చి సిద్ధమయ్యాక పాతదాన్ని ఆపేశారు. 97 ఏళ్లు పనిచేసింది. ఇప్పుడు రెండు లైన్లు ఉన్నాయి, ఒకటి రోడ్డు కం రైలు వంతెన మీద, ఇంకోటి ఆర్చి మీద.

అంటే అల్లుడుగారూ, ఒకే ఊళ్లో మూడు వంతెనలు అన్నారు కానీ నిజానికి అవి ఒక లైను, దాని జంట లైను, మొదటిదానికి బదులు లైను. లైను ఒకసారి అక్కడ దాటాక స్టేషన్లు, యార్డులు, ఊళ్లు అన్నీ దాన్ని బట్టే కట్టుకున్నాయి. తర్వాతి వంతెన ఇంకోచోట కట్టాలంటే ఇవన్నీ కదపాలి.

అమలాపురం అల్లుడు · ఆదివారం మధ్యాహ్నం 3:00

అర్థమైంది మాస్టారూ. అయితే కోనసీమవాళ్లు మూడు పాయల పాపాన పడ్డామన్నమాట.

గౌతమి గట్టు · ఆదివారం మధ్యాహ్నం 3:25

పాపం కాదు, శాపం అనండి. మాది కోటిపల్లి దగ్గర. కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను 1928లోనే వేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పట్టాలు పీకి వేరే చోటికి తీసుకుపోయారు. మళ్లీ రైలు కూత వినడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. యుద్ధానికి పట్టాలిచ్చిన ఊళ్లకి తిరిగిరావడానికి అరవై ఏళ్లు.

కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను బాలయోగిగారు లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పుడు మంజూరైంది. ఆయన 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆ లైను గౌతమిని, వైనతేయని, వశిష్ఠని, మూడింటినీ దాటాలి. రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) కోసం నిలబడితే గౌతమిలో లేచిన పిల్లర్లు కనిపిస్తూ ఉంటాయి. 1897లో 56 ఖానాలకి మూడేళ్లు చాలాయి అని పైన చదివాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సివిల్ సత్తిబాబు · ఆదివారం మధ్యాహ్నం 3:50

గట్టుగారూ, ఇంజనీరింగ్ వైపు నుంచి ఒక మాట. పాయ సన్నగా ఉందని పునాది తేలికవదు. డెల్టా కిందకి వెళ్లినకొద్దీ ఒండ్రు మందం పెరుగుతుంది, గట్టి నేల ఇంకా లోతుకి పోతుంది. సముద్రం పోటు ఉంటుంది, ఉప్పు ఉక్కుని తింటుంది. ఆలస్యానికి మాత్రం ఇవేవీ కారణం కాదు. దానికి డబ్బు, భూసేకరణ, ఇంకా చాలా ఉన్నాయి, అవి మాట్లాడితే ఈ చర్చ మూసేస్తారు.

నిర్వాహకుడు · ఆదివారం మధ్యాహ్నం 3:52

మూసేస్తాను.

పుష్కరఘాట్ · ఆదివారం సాయంత్రం 6:10

సరే, ఇప్పుడు హేవలాక్‌ని ఏం చేయాలి? ఆపేశాక ఇనుం కింద అమ్మేస్తారని చాలాకాలం అన్నారు, ఊళ్లో ఒప్పుకోలేదు. నడక వంతెన అన్నారు, పార్కు అన్నారు. చివరికి 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది, అందులో హేవలాక్ వంతెనని పర్యాటక స్థలంగా మార్చడం ఉంది. 2027లో పుష్కరాలు. నాకైతే సంతోషమే. సాయంత్రం పూట గోదావరి మధ్యలో నడవడం కన్నా ఏం కావాలి?

బ్రిడ్జిలంక · ఆదివారం సాయంత్రం 6:35

నడవండి, మంచిదే. బజ్జీల బండ్లు, ప్లాస్టిక్ గ్లాసులు మాత్రం వద్దు. మీరు పైనుంచి పారేస్తే మా లంక ఒడ్డుకే కొట్టుకొస్తాయి.

సివిల్ సత్తిబాబు · ఆదివారం సాయంత్రం 7:05

బరువు సంగతి భయపడనక్కర్లేదు. మనుషులు ఎంత కిక్కిరిసినా గూడ్స్ బండి బరువుకి దగ్గరికి రారు. నా భయం వేరే. అది సింగిల్ లైను వంతెన, సన్నగా ఉంటుంది. మధ్యలో దిగడానికి దారి లేదు. పుష్కరాల జనాన్ని ఒకేసారి వదిలితే, మధ్యలో ఎవరికైనా గుండెనొప్పి వస్తే స్ట్రెచర్ ఎటు నుంచి తెస్తారు? ఒక వైపు వెళ్లడానికి, ఒక వైపు రావడానికి వీల్లేనంత ఇరుకు. జనాన్ని లెక్కపెట్టి వదలాలి, పుష్కరాల రోజుల్లో అసలు మూసేయాలి. రేలింగ్, తుప్పు పట్టిన ప్లేట్లు, రివెట్లు ముందు చూడాలి. లైట్లు ఆఖరున.

రోజూ తిరిగేవాడు · ఆదివారం సాయంత్రం 7:20

సత్తిబాబుగారి దగ్గర ఏ పండగ గురించి అడిగినా స్ట్రెచర్ దగ్గరే తేలుతుంది.

పాతపట్టాలు · ఆదివారం రాత్రి 8:00

ఆయన చెప్పింది నిజం. నా భయం ఇంకొకటి. మొత్తం టైల్స్ పరిచేసి, కుండీలు పెట్టేసి దాన్ని ఏదో మాల్ వరండా చేసేస్తారేమో అని. కనీసం రెండు మూడు ఖానాల్లో పట్టాలు, స్లీపర్లు, కింద నీళ్లు కనిపించే సందులు అలాగే ఉంచి పైన అద్దమో జాలీయో వేయాలి. బండి వస్తే గ్యాంగ్‌మన్ (పట్టాలు చూసుకునే పనివాడు) పక్కకి ఒదిగి నిలబడే చిన్న తావులు ఉంటాయి, అవి చూపించాలి. రివెట్టు అంటే ఏంటో, వెల్డింగ్‌కి ముందు ఇనుమునెలా అతికేవారో పిల్లలకి అక్కడే చెప్పొచ్చు. పక్కనే ఆర్చి ఉంది, ఎగువన ట్రస్సు ఉంది. రాయి, ఉక్కు, కాంక్రీటు, మూడు కాలాల ఇంజనీరింగ్ ఒక్క చూపులో దొరికే చోటు ఇంకెక్కడుంది? రామేశ్వరం దగ్గర పాంబన్ పాత వంతెన మీద దేశమంతా మాట్లాడుకుంటున్నారు, అది 1914ది. మనది దానికన్నా పాతది.

గౌతమి గట్టు · ఆదివారం రాత్రి 8:18

వాల్టన్ పేరుతో పాటు కూలీల మాట కూడా ఒక పలక మీద రాయించండి మాస్టారూ. పేర్లు లేకపోయినా ఫలానా పని ఇలా చేశారు అని బొమ్మలేసి.

కొవ్వూరు కుర్రాడు · ఆదివారం రాత్రి 8:40

అందరూ రాజమండ్రి గట్టు మీద నిలబడే మాట్లాడుతున్నారు. మెట్లు, టికెట్టు, పార్కింగు అన్నీ అక్కడే పెడితే మేము కొవ్వూరు నుంచి బస్సెక్కి గోదావరి దాటి, మళ్లీ గోదావరి మధ్యకి నడిచి వెనక్కి రావాలా? మా వైపు కూడా గేటు పెట్టాలి. మా వైపు గోష్పాద క్షేత్రం ఉంది, పుష్కరాలకి జనం అక్కడికీ వస్తారు.

పాతపట్టాలు · ఆదివారం రాత్రి 8:52

న్యాయమే. నువ్వు రెండు గట్ల తరఫున ఒక అర్జీ రాయి, పట్టాల సంగతి, పలక సంగతి నేను చేరుస్తాను. సత్తిబాబుగారు ఇరుకు గురించి ఒక పేరా ఇస్తారు.

సివిల్ సత్తిబాబు · ఆదివారం రాత్రి 8:55

ఇస్తాను. స్ట్రెచర్ మాట తీసేయమనకండి.

బ్రిడ్జిలంక · ఆదివారం రాత్రి 9:03

బజ్జీల మాట కూడా రాయండి, నేనూ సంతకం పెడతాను.